మా బావమరిది చెప్పిన రెండు సాక్ష్యాలు

నేను మా ఊరి వీధిబడిలో అయిదో తరగతి దాకా చదివాను. ఆరో తరగతి ఆ ఊళ్ళో లేదు కాబట్టి అక్కడితో నా చదువు పూర్తయింది. ఆ చదువుతోనే మా చర్చి సంఘ పెద్దనయ్యాను. మందిరానికి పాత పెంకులు తీయించి రేకులు వేయించాను. కీచుమనకుండా మాట్లాడే మైకు తెప్పించాను. విడిపోతామని వచ్చిన మొగుడూపెళ్ళాలను కలిపి పంపాను, వాళ్ళలో కొందరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. ఇవన్నీ ఒక ఎత్తు, నేను గొప్పగా చెప్పుకునేది ఇంకొక ఎత్తు. మా సంఘానికి సాక్ష్యం చెప్పడం నేర్పినవాణ్ణి నేను.

ఆదివారం ఆరాధనలో ఎవరో ఒకరు లేచి, దేవుడు తమ బతుకును ఎలా మార్చాడో నలుగురి ముందూ చెబుతారు. దాన్ని మేము సాక్ష్యం అంటాం. నేను పెద్దరికం తీసుకోకముందు లేచినవాళ్ళు లేచినట్టే ఏడ్చి కూర్చునేవారు. ఎందుకు ఏడ్చారో వాళ్ళకూ మాకూ తెలిసేది కాదు. సాక్ష్యానికి మూడు కాళ్ళుండాలని నేను చెప్పాను: అప్పుడెలా ఉన్నాను, ఎక్కడ మారాను, ఇప్పుడెలా ఉన్నాను. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కదలకుండా నిలబడుతుంది. నా తరువాత మా సంఘంలో ఒక్క సాక్ష్యం కూడా పడిపోలేదు.

నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో అందరికంటే పేరు తెచ్చుకున్నవాడు నా భార్య తమ్ముడు. ఇది అతని కథ. ఊళ్ళో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిల్లాపెద్దా అందరికీ అతను 'సాక్ష్యం'. "సాక్ష్యం ఇంట్లో ఉన్నాడా?" అని ఎవరైనా గుమ్మంలో అడిగితే అతని భార్య, నాకు చెల్లెమ్మ వరస, "సాక్ష్యం ఉన్నాడు, రుజువులే లేవు" అనేది. ఆవిడ నోటికి మందిరంలో కూడా తాళం ఉండదు.

సాక్ష్యం కోత మిల్లులో పనిచేసేవాడు. పెద్ద మానులను పలకలుగా చీల్చే నిలువు రంపం అతనిది. పక్కనే, ఆ పలకలను కొలతకు కోసే గుండ్రటి రంపం మీద పొడుగోడు ఉండేవాడు. నిజంగానే పొడుగు మనిషి, తలుపు కనబడితే అలవాటుగా వంగేవాడు, తలుపు ఎత్తుగా ఉన్నా సరే. అతను మా సంఘం మనిషి కాదు. దేవుడంటే కోపమూ లేదు, పనీ లేదు. మిల్లు ఓనరు గారు మాత్రం మా సంఘస్థుడే. మొదటి వరుసలో కూర్చుంటారు. మందిరంలో తిరిగే ఫ్యాన్లు ఆయనిచ్చినవే, తిరగనివి కూడా ఆయనిచ్చినవే.

సాక్ష్యం మొట్టమొదట లేచినప్పుడు ఉన్నదే చెప్పాడు. చిన్నతనంలో పక్కింటి జామకాయలు కోసి, ఇంట్లో తన తల్లి అడిగితే ఉడుతలు కొట్టేశాయన్నాడట. తరువాత ప్రభువు మనసు మార్చాడట. మూడు కాళ్ళూ ఉన్నాయి గానీ పీట మరీ పిల్లల పీటలా ఉంది. వెనక వరుసలో ఒకాయన గురక పెట్టాడు.

మరుసటిసారి బీడీ చేరింది. ఎవరో ఆడమనిషి "అయ్యో పాపం" అంది. ఆ ఒక్క అయ్యోతో బీడీ కాస్తా సారా అయింది. వణికే చేతులు, తెల్లారి చెప్పులు వెతుక్కోవడం, తలుపు అవతల నిలబడి ఏడ్చే ఇల్లాలు, ఇవన్నీ అతను చెబుతుంటే కళ్ళకు కట్టేది. ఇల్లాలు మాత్రం రెండో వరుసలో కూర్చుని విసనకర్ర విసురుకుంటూ ఉండేది. "ఏమ్మా, నువ్వలా ఏడ్చావా?" అని ఎవరైనా అడిగితే, "ఆయన దగ్గు మందు తాగితేనే మర్నాడు మధ్యాహ్నం దాకా లేవడు. ఇంక సారా ఎప్పుడు తాగాడో, నేనెప్పుడు ఏడ్చానో ఆయన్నే అడగండి" అనేది. ఆవిడ తమాషాకి అంటుందని అందరూ నవ్వేవారు.

చివరికి జైలు కూడా వచ్చింది. "నేను జైల్లో ఉండి వచ్చినవాణ్ణి" అని అతను ఆగి, నేను నేర్పినట్టే ఊపిరి తీసుకునేవాడు.  ఓనరు గారు కళ్ళు తుడుచుకునేవారు. పాపం పెరిగేకొద్దీ పేరు పెరిగింది. పక్క ఊళ్ళ సంఘాలవాళ్ళు కూడా ప్రార్థన కూటాలకు పిలిచేవారు, దండ వేసేవారు. మా సంఘంలోనే ఇళ్ళకు రంగులు వేసే పెయింటరు ఒకడు, రోజూ తాగి ఇల్లు గుల్ల చేసుకున్నవాడు, ఆ సాక్ష్యం విని తాగుడు మానేశాడు. నిజంగా మానేశాడు. ఇది నేను నా కళ్ళతో చూసింది.

ఒక సోమవారం పొద్దున మిల్లులో పొడుగోడి చెయ్యి రంపం కింద పడింది. రెండు వేళ్ళు పోయాయి. గుండ్రటి రంపానికి పైన రేకు మూత ఉండాలి. అది ఉంటే పలక నెమ్మదిగా వెళుతుందని ఎప్పుడో తీసేశారు. అయితే ఓనరు గారు ప్రమాదాలు విచారించే లేబర్ ఆఫీసుకు రాసిన కాగితంలో మూత ఉందనీ, పొడుగోడే తాగి వచ్చి చెయ్యి పెట్టాడనీ ఉంది. జీతం రోజున పొడుగోడు తాగే మాట ఊరందరికీ తెలుసు. ఆ సోమవారం తాగలేదన్న మాట మాత్రం ఒక్కడికే తెలుసు. ఒకే ఫ్లాస్కులోంచి అతనితో టీ పంచుకుని, మూరెడు దూరంలో నిలబడి పనిచేసిన సాక్ష్యానికి.

విచారణకు రోజు పెట్టారు. తాగాడని తేలితే పొడుగోడి చేతికి పరిహారం లేదు సరికదా, ఇక ఏ మిల్లూ అతన్ని రంపం దగ్గరికి రానివ్వదు. అతనికి వేరే పని రాదు.

విచారణకు ముందు శనివారం సాయంత్రం ఓనరు గారు సాక్ష్యం ఇంటికి వచ్చారు. నేనక్కడే ఉన్నాను. చెల్లెమ్మ కుర్చీ తుడిచి వేసింది, మరీ ఎక్కువసేపు తుడిచింది.

"నువ్వు నిజమే చెప్పవోయ్" అన్నారు ఓనరు గారు. "నిజం చెప్పొద్దని నేనెందుకంటాను? నేనూ దేవుడికి భయపడేవాణ్ణే. కాకపోతే మా ప్లీడరు ఊరుకోడు. నువ్వు తాగుబోతువనీ, దొంగవనీ, జైలుకెళ్ళొచ్చావనీ నీ నోటితోనే చెప్పావు కదా. అలాంటివాడి మాట ఎలా నమ్మాలని అడుగుతాడు. పెద్దగారూ, మీరూ రావాల్సి ఉంటుంది, ఇతను అలా చెప్పాడని చెప్పడానికి."

"చెప్పిన మాట వాస్తవమే" అన్నాను నేను.

"అవునండీ" అన్నాడు సాక్ష్యం.

"అదే నా బాధ. అవునంటే నీ మాట చెల్లదు. కాదంటే దేవుడి మందిరంలో అబద్ధం చెప్పినవాడివవుతావు. ఎందుకొచ్చిన గొడవ? ఆ రోజు ఒంట్లో బాగాలేదను. ఎలాగూ ఫోర్‌మన్ ముసలాడైపోయాడు, ఆ కుర్చీలో ఎవర్నో ఒకర్ని కూర్చోబెట్టాలి." ఆయన లేచి ప్రార్థన చేశారు. మంచి ప్రార్థన. పొడుగోడి చెయ్యి త్వరగా నయం కావాలని కూడా చేశారు.

ఆయన వెళ్ళాక సాక్ష్యం ఆయన కూర్చున్న కుర్చీని గోడవైపు జరిపి నావైపు తిరిగాడు. 

"బావా, ఇప్పుడు దారేది?"

"రెండే ఉన్నాయిరా. నాశనానికి వెళ్ళే వెడల్పుదొకటి, జీవానికి వెళ్ళే ఇరుకుదొకటి, బైబిల్లో ఉన్నవే."

"అది నాకూ తెలుసు. ఏది ఏదో తెలియడం లేదు. నేను తాగలేదని చెబితే పెయింటరు ఏమవుతాడు? నన్ను చూసే కదా మానేశాడు. వాడు మళ్ళీ సీసా పడితే ఆ పాపం నాదే. మంచి చేసిన అబద్ధాన్ని కదపడం కూడా తప్పేనేమో?"

చెల్లెమ్మ వంటింట్లోంచి అంది. "పెయింటరు మీద ఎంత ప్రేమో! దండలు పోతాయని చెప్పరాదూ?"

"నువ్వూరుకోవే."

"పదేళ్ళుగా ఊరుకున్నాను. మీ మూలంగా నేను ఊరందరి దృష్టిలో తాగుబోతు పెళ్ళాన్ని. మా అమ్మ చచ్చేదాకా నమ్మింది, నువ్వెలా వేగావే అని. ఒక్కనాడన్నా వేగానా నేను? అన్నయ్యా, మీరే చెప్పండి."

 కుటుంబ కలహాల్లో మొదట ఇద్దరినీ మాట్లాడనివ్వాలి, ఇది నా పద్ధతి.

"బావా, పొడుగోడి గురించి నిజం చెబుతాను. అందులో అనుమానం లేదు. నా గురించి మాత్రం ఏమీ అనకుండా, అటూ ఇటూ కాకుండా బయటపడే ఉపాయం లేదా? ఇరుకు దారిలోనే వెళతాను, నా సాక్ష్యాన్ని కూడా చంకలో పెట్టుకుని."

"ఇరుకు దారిలో సామాను పట్టదురా" అన్నాను.

ఆ మాట నేను అప్పటికప్పుడు అన్నదే. తరువాత మా అయ్యగారు, అంటే పాస్టరు గారు, దాన్ని రెండు ప్రసంగాల్లో వాడుకున్నారు. నా పేరు చెప్పలేదు గానీ నాకేమీ పట్టింపు లేదు.

విచారణ గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, మూతపడని బీరువా ఉన్నాయి. ఆఫీసరమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. పక్కన టైపు చేసే కుర్రవాడు. ఒకవైపు ఓనరు గారూ ప్లీడరూ, ఇంకొకవైపు చేతికి కట్టుతో పొడుగోడు. అతను లోపలికి వస్తూ వంగాడు.

"మీ సాక్ష్యం చెప్పండి" అంది ఆఫీసరమ్మ.

ఆ మాట వినగానే మా వాడు లేచి, చొక్కా సర్దుకుని, ఎడమ చెయ్యి గుండె మీద పెట్టాడు. "ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు. ఒకప్పుడు నేను చీకటిలో..."

"మిల్లులో కరెంటు లేదా?"

"అహ, ఆ చీకటి కాదమ్మా."

"మేడం, వందనాలు కూడా కొట్టాలా?" అన్నాడు టైపు కుర్రవాడు.

"రంపం దగ్గర నుంచి కొట్టు. ఏవండీ, రంపం సంగతి చెప్పండి."

అలవాటు అంత చెడ్డది. మా సంఘంలో ఎవరిని సాక్ష్యం చెప్పమన్నా చీకటి నుంచే మొదలుపెడతారు, అలా నేర్పాను. అతను తడబడి, దగ్గి, మొదలుపెట్టాడు. మూత లేదన్నాడు. పొడుగోడు తాగలేదన్నాడు. ఇద్దరం టీ తాగామన్నాడు. పలక ముడి దగ్గర ఎగిరి చెయ్యిని లాక్కుపోయిందన్నాడు. చక్కగా, గుక్క తిప్పుకోకుండా, ఊపిరి తీసుకోవలసిన చోట కూడా తీసుకోకుండా చెప్పాడు. శిల్పం లేదు గానీ విషయం ఉంది.

ప్లీడరు లేచాడు. ఆయన మా సంఘం కాదు, అయినా మందిరంలో మా వాడు చెప్పిన సాక్ష్యాన్ని బాగా వంటబట్టించుకుని వచ్చాడు.

"మీరు ఒకప్పుడు తాగుబోతు. అవునా?"

సాక్ష్యం నావైపు చూశాడు. నేను పైకప్పువైపు చూశాను. అతని పక్కన పొడుగోడు తన కట్టువైపు చూసుకుంటున్నాడు.

"కాదండీ."

ఓనరు గారి కుర్చీ కిర్రుమంది.

"కాదా? ఊరందరి ముందూ మైకులో చెప్పారు కదా?"

"చెప్పాను. అబద్ధం. నేనెప్పుడూ తాగలేదు. బీడీ ఒకసారి అంటించాను, దగ్గొచ్చి పారేశాను."

"జైలు?"

"జైల్లో ఉన్న మాట నిజమేనండీ."

"ఆఁ! ఎందుకు పడింది శిక్ష?"

"పడలేదండీ. అక్కడ తలుపులు ఊడిపోతే బిగించడానికి మా మేస్త్రి తీసుకెళ్ళాడు. పని అయ్యేదాకా ఉన్నాను. అన్నం వాళ్ళే పెట్టారు."

టైపు కుర్రవాడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆఫీసరమ్మ కళ్ళజోడు మళ్ళీ తీసి తుడిచింది.

ప్లీడరు తగ్గలేదు. తగ్గితే ప్లీడరెలా అవుతాడు? "అంటే మీరు దేవుడి ఎదుటే అబద్ధం ఆడారు. అక్కడే అబద్ధమాడినవాడు ఇక్కడ నిజం చెబుతున్నాడని మేమెలా నమ్మాలి?"

ఈ ప్రశ్నకు జవాబు మా ఇద్దరిలో ఎవరమూ అనుకుని రాలేదు. సాక్ష్యం బల్ల అంచు పట్టుకున్నాడు.

"నమ్మమని ఎలా అడుగుతానండీ, ఆ మొహం నాకు లేదు. కానీ ఒకటి చూడండి. అక్కడ అబద్ధం చెప్పిన ప్రతిసారీ నాకు పేరొచ్చింది, దండలొచ్చాయి. ఇక్కడ ఈ మాట చెప్పి గడప దాటితే నాకేమీ మిగలదు. ఆదివారం మందిరంలో మొహం ఎత్తలేను, సోమవారం మిల్లులో ఎత్తలేను. ఇంత నష్టానికి అబద్ధం ఎవడైనా చెబుతాడా?"

ఆఫీసరమ్మ నన్ను లేవమంది. "మీరు ఆయన అక్క భర్త కదా. ఆయన తాగగా మీరెప్పుడైనా చూశారా?"

"లేదమ్మా."

"మరి ఆయన మందిరంలో తాగానని చెప్పడం?"

"అది విన్నాను. చూసిందీ చెప్పాను, విన్నదీ చెప్పాను. రెండూ కలవకపోతే దానికి నేనేం చేయను?"

ఆవిడ కాగితాలు మడిచింది. ఆ మధ్యాహ్నమే అందరినీ వెంటబెట్టుకుని మిల్లుకు వెళ్ళింది. రంపం మీద మూత తళతళ మెరుస్తోంది, కొత్త మేకుల పక్కన కొత్త రంపపుపొట్టు కూడా తుడవలేదు. పాత మూత పొట్టు గది వెనక దొరికింది. బోర్లించి ఉంది, దాని కింద ఒక కోడి గుడ్లు పెట్టుకుని పొదుగుతోంది. మనుషులను చూసి అది లేవలేదు. ఎప్పటి నుంచో తన ఇల్లే అన్నట్టు చూసింది. ఆ కోడిని ఏ ప్లీడరూ ప్రశ్న అడగలేకపోయాడు.

ఆ రోజుతో మా ఊళ్ళో ఇద్దరు తాగుబోతులు తగ్గారు. ఆ ఇద్దరిలో ఎవరూ ఆ సోమవారం తాగినవాళ్ళు కారు. పొడుగోడికి చేతి పరిహారం వచ్చింది, తిరిగి మిల్లులోనే పలకలు లెక్కపెట్టే పని ఇచ్చారు. గేటు దగ్గర అతను సాక్ష్యంతో అన్న మాట ఒక్కటే. "నా గురించి రెండు ముక్కలు చెప్పమంటే నీ గుట్టంతా విప్పావేంటయ్యా?"

"నీ రెండు ముక్కలూ విడిగా ఊడిరాలేదు" అన్నాడు మా వాడు.

ఫోర్‌మన్ కుర్చీ వేరొకరికి పోయింది. సాక్ష్యాన్ని రంపం మీద నుంచి తీసి పొట్టు గదిలో వేశారు. రోజంతా పొట్టు బస్తాలకెత్తడమే.

ఆదివారం నాడు నేనే అతన్ని ముందుకు పిలిచాను. పెద్దలు కొందరు వద్దన్నారు. తప్పు ఏ మైకులో జరిగిందో ఆ మైకులోనే ఒప్పుకోవాలి అన్నాను. మైకు తెప్పించినవాణ్ణి, ఆ మాట అనే హక్కు నాకుంది.

అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీకు నేను అబద్ధం చెప్పాను. నేను తాగలేదు, జైలు శిక్ష పడలేదు. మిమ్మల్ని ఊరికే ఏడిపించాను. ఊరికే చప్పట్లు తీసుకున్నాను. దేవుడు క్షమించాడని నమ్ముతున్నాను. మీరు మీ వీలునుబట్టి క్షమించండి."

ఎవరూ ఆమేన్ అనలేదు. పెయింటరు లేచాడు. గోడ మీద రంగులాగా మొహం తెల్లబడి ఉంది.

"తాగలేదా నువ్వు? మరి పొద్దున లేవగానే చేతులు ఎలా వణుకుతాయో, గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా ఎలా ఒలుకుతుందో ఎలా చెప్పావ్? అది తాగనోడికి తెలియదు. అది విని కదా నేను మానింది!"

"మా నాన్నవి" అన్నాడు సాక్ష్యం. "ఆ చేతులు మా నాన్నవి. ఆయన ఎప్పుడూ మందిరం గడప తొక్కలేదు. మారకుండానే పోయాడు. ఆయన మారినట్టు చెప్పుకుంటే బాగుండేది నాకు. చెప్పగా చెప్పగా నేనే ఆయన్నై చెప్పేశాను."

వెనక వరుసలో నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడకూ ఆయన తండ్రే కదా. మా మామగారి గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకునేవాళ్ళం కాదు.

పెయింటరు ఒకసారి నా భార్యవైపు చూశాడు. "అయితే మీ నాన్నను చూసి మానేశానన్నమాట" అన్నాడు. అని కూర్చున్నాడు. తరువాత ఒకటి రెండు వారాలు అతను రాలేదు. నేనూ సాక్ష్యమూ వాళ్ళింటికి వెళ్ళాం. నిచ్చెన మీద నుంచే మాట్లాడాడు, దిగలేదు. కానీ నిచ్చెన మీద తిన్నగానే నిలబడ్డాడు, అది చాలనుకున్నాం. మూడో ఆదివారం వచ్చి, తన చోట తను కూర్చున్నాడు.

కూటాలకు పిలుపులు ఆగిపోయాయి. ఒక సంఘంవాళ్ళు సంగతి తెలియక పిలిచి, జైలు సాక్ష్యం చెప్పమన్నారు. మా వాడు తలుపులు బిగించిన సంగతి చెప్పి వచ్చాడు. దండ సగం వేసి ఆపారట. చెల్లెమ్మ ఆ ముక్క వింటూ నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. "ఇన్నాళ్ళకు నా మొగుడు మామూలు మనిషయ్యాడు అన్నయ్యా" అంది. ఆ మాట ఆవిడ తిట్టుగా అనలేదు.

ఇప్పుడతను మందిరంలో అప్పుడప్పుడూ లేస్తాడు. నేను నేర్పిన మూడు కాళ్ళలో ఒకదాన్నే వాడతాడు: ఇప్పుడెలా ఉన్నానో అంతే. మొన్న లేచి, "ఈ వారం ఓనరు గారి మీద నాకు కోపం వచ్చింది. పొట్టు ఎగిరి కళ్ళల్లో పడినప్పుడల్లా వస్తోంది. ఇంకా పోలేదు. ప్రార్థన చేయండి" అని కూర్చున్నాడు.

ఇలాంటి సాక్ష్యం నా హయాంలో ఎవరూ చెప్పలేదు.  అయ్యగారు పాటల పుస్తకం తెరవబోయి ఆగారు. అప్పుడు మొదటి వరుసలోంచి, తల ఎత్తకుండానే, ఓనరు గారు ఆమేన్ అన్నారు. చిన్నగా అన్నారు. మైకు అవసరం లేకుండానే అందరికీ వినబడింది.